కొబ్బరిమానుపై గాలి లెక్క

కోనసీమలో ఏ కొబ్బరితోటలో నిలిచి చూచినను, మానులమీద బూడిదవన్నె మచ్చలు, సున్నము చల్లినట్టి చారలు కనిపించును. అవి తెగులని తలచువారు కలరు. కాని అవి లైకెన్లు. మానుపై నివసించుటయే గాని దాని సారమును పీల్చవు. వంటింటి మసాలాలోని రాతిపువ్వు ఈ వర్గములోనిదే.

లైకెన్ ఒక్క జీవి కాదు. శిలీంధ్రము, శైవలము కలిసి చేయు కాపురము. స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్ 1867లో ఈ సంగతి ప్రకటించినప్పుడు పెద్దలు పలువురు నమ్మలేదు. వారిలో ఫిన్లండు దేశీయుడైన విలియం నైలాండర్ ఒకడు. విచిత్రమేమనగా, లైకెన్లకు గాలితో గల సంబంధమును ముందుగా గుర్తించినవారిలో ఆయన కూడ ఒకడు. పారిస్‌లోని లక్సెంబర్గు ఉద్యానమున పెరుగు లైకెన్లు నగరములో ఇతరత్ర కానరావని 1866లో ఆయన వ్రాసెను. ఆ తోటలోనివియు మాయమైనవని 1896లో వ్రాయవలసివచ్చెను. మొదటి జాబితా ఉండుటచేతనే రెండవ మాటకు విలువ కలిగెను.

కారణము సులభము. లైకెన్‌కు వేళ్ళు లేవు. ఆకులకుండు మైనపు పొర లేదు. వాననీటిని, గాలిలోని తేమను ఒళ్ళంతటితో పీల్చును. వానితోపాటు గంధక వాయువును కూడ పీల్చును. మాస్ మొక్కల స్థితియు ఇంచుమించు ఇట్టిదే. 1970లో హాక్స్‌వర్త్, రోజ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు చెట్లపై లైకెన్లను బట్టి గాలిలోని సల్ఫర్ డయాక్సైడును అంచనా కట్టు కొలబద్దను ప్రకటించిరి. పిమ్మట ఈ పని సామాన్యుల చేతికి వచ్చెను. బడిపిల్లలు జరిపిన సర్వే ఫలితములను 1974లో ఆలివర్ గిల్బర్ట్ ప్రచురించెను. 2009లో ఇంగ్లండున ఆరంభమైన మరియొక సర్వేలో ప్రజలు తొమ్మిది రకముల లైకెన్లను చెట్లపై వెదకి నమోదు చేసిరి.

కోనసీమకు ఇది దూరపు ముచ్చట కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద త్రవ్వుచున్న బావినుండి సహజవాయువు ఎగజిమ్మి అంటుకొనెను. ఆ మంట 65 దినములు మండెను. మాడిన కొబ్బరిచెట్లు అందరికి కనబడెను. మాడక నిలిచిన చెట్లపై గాలి యేమి చేసినదో చెప్పుటకు మాత్రము అంతకుముందరి లెక్క కావలెను. అది లేనిచో తరువాతి లెక్క సగము మాటయే.

అట్టి లెక్కకు యంత్రములు అక్కరలేదు. సున్నము పూయని, ఒకే తీరున ఎండ తగులు చెట్లు కొన్ని యెన్నుకొని గుర్తు వేయవలెను. ఒకే యెత్తున, జానెడు చదరములో ఎన్ని రకముల మచ్చలున్నవో, ఎంతమేర పరచుకొన్నవో ఏటేట వ్రాయవలెను. ఏ చెట్టు మాను ఎట్లున్నదో దింపులు తీయువారికి తెలిసినంతగా మరెవరికిని తెలియదు. వారి సాయము పొందవచ్చును. రైతు దింపుకాయల లెక్క వ్రాసికొను పుస్తకములో ఒక పుట ఇందుకు చాలును.