కొంగుముడి పైసలు

మొన్న అశోక్ చౌక్ దగ్గర కూరగాయలు కొని యాభై నోటిస్తే, అమ్మే పిల్ల "కాకా, సుట్టె లేవు, ఫోన్‌పే చెయ్యి" అన్నది. ముప్పై ఆరేండ్లు బ్యాంకుల నోట్లు లెక్కబెట్టినోణ్ని, చేతిల నోటు ఉండి కొత్తిమీర కట్ట వదిలిపెట్టి వచ్చిన.

సుట్టె అంటే చిల్లర. మరాఠీ మాట. 'చిల్లర' మా ఇంట్ల నాయనమ్మతోనే పోయింది. రొక్కం 'రోఖ్' అయింది, జీతం 'పగార్' అయింది, చిట్టీ 'భిశి' అయింది. ఇప్పుడు ఈ మాటలు కూడా పోయేటట్టున్నయి.

మన పద్మశాలోళ్ళు కరీంనగర్, నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి మగ్గం పనికి ఇక్కడికి వచ్చిననాడు ఊరు నిజాం రాజ్యంల, సోలాపూర్ బొంబాయి ఇలాకాల. రూపాయి కూడా వేరే. అక్కడ హాలీ సిక్కా, ఇక్కడ ఇంగ్లీషోళ్ళ కలదార్. ఏడు హాలీ రూపాయలకు ఆరు కలదార్లు. అంటే ఇక్కడ నేసి ఆరు రూపాయలు ఊరికి పంపితే అక్కడ ఇంచుమించు ఏడు లెక్కకు వచ్చేవి. మన వలస లెక్కల ఆ ఒక్క రూపాయి కూడా ఉన్నది. హాలీ సిక్కా 1951ల ఆగింది, 1959ల చెల్లకుండ పోయింది. మా తాత మాత్రం రూపాయిని చివరిదాకా కలదారే అన్నడు.

1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయా పైసలు వచ్చినయి. పావలా బిళ్ళ 2011 జూన్ 30తో చెల్లకుండ పోయింది. అయినా 'చారాణా కోడికి బారాణా మసాలా' అని ఇప్పటికీ అంటనే ఉన్నం. అసలు డబ్బు, దుడ్డు అనేవి సుత ఒకప్పటి నాణేల పేర్లే. నాణెం పోయినా మాట ఉంటది. పైసలు చేతి నుంచి చేతికి మారుడు ఆగితేనే మాట పోతది.

ఆ మారుడు మా దగ్గర ఎక్కువ ఆడోళ్ళ చేతులల్లనే ఉండె. మగోళ్ళు మగ్గం మీద, ఆడోళ్ళు బీడీలు. మా అమ్మ వారం పగార్ కారఖానాల తీసుకొని, కొంగుల ముడేసుకొని ఇంటికి వచ్చేది. ఆ ముడి ఇప్పే హక్కు మా నాయనకు లేకుండె. నా బీకాం ఫీజు ఆ ముడిలకెల్లే వచ్చింది.

2016 నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయినయి. తర్వాతి ఏడాది వేతన చట్టం మారి, కూలి నేరుగా ఖాతాల వేసుడు సులువైంది. నేను కౌంటర్ల కూసొని బీడీ అక్కలకు ఖాతాలు తెరిచిన, వేలిముద్రలు పెట్టించిన. మంచి పనే అనుకున్న. ఖాతాల పడితే లెక్క ఉంటది, మధ్యలోడు కోసుకోలేడు. అది ఇప్పటికీ నిజమే.

ఒకరోజు మా గల్లీ పెద్దమ్మ ఒకామె ఖాళీ పాసుబుక్కు పట్టుకొని వచ్చింది. పగార్ పడ్డది, అదేరోజు పోయింది. ఏటీఎం కార్డు కొడుకు దగ్గర, మెసేజి కొడుకు ఫోన్‌కు. ఫారంల ఆ నంబరు రాసింది నేనే. "కొడుకా, కొంగుల ఉంటే ఎవడన్న ముట్టినా తెలుస్తుండె. ఇండ్ల ఎవడు ముట్టిండో నాకెట్ల తెలుస్తది?" అన్నది. నా దగ్గర జవాబు లేకుండె.

నోట్లు మళ్ళా రావాలని నేను అంటలేను. ఫోన్ ఎవరి చేతిల ఉన్నదో చూడుండ్రి అంటున్న. మీ అమ్మదో అత్తదో ఖాతా ఉంటే, ఆమె నంబరే పెట్టించుండ్రి, ఆమెకే నేర్పుండ్రి.

ఇంకో మాట. కొంగుముడిని మీ ఇంట్ల ఏమనేటోళ్ళు? సంచీ, బటువా, వేరే పేరేమన్న ఉన్నదా? సాఖర్ పేట, దాజీ పేట పెద్దోళ్ళను అడిగి రాయుండ్రి. అడిగేటానికి వాళ్ళు ఇంకా ఉన్నరు.