ఎన్‌పీ కుంట ప్యానెళ్ళు నీలంగా ఎందుకుంటాయి?

ఈరోజు ఒక రంగు చరిత్ర చెప్పుకుందాం.

కదిరి దాటి ఎన్‌పీ కుంట వైపు వెళ్తే మెట్ట నేల మీద వరుసలు వరుసలుగా నీలం పలకలు కనిపిస్తాయి. 2016లో ఎన్‌టీపీసీ అక్కడ 250 మెగావాట్ల సోలార్ ప్లాంటు మొదలుపెట్టింది. అప్పుడది అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని సీమ ఇది. మనకు దండిగా దొరికేది ఎండ ఒక్కటే. మరి ఆ ఎండని వృథా చేస్తే ఎలా?

ప్యానెల్ లోపలుండే సిలికాన్ అసలు రంగు నీలం కాదు, మెరిసే బూడిద రంగు. పూత లేకపోతే పడిన వెలుతురులో దాదాపు మూడో వంతు వెనక్కి కొట్టేస్తుంది. అందుకే దాని మీద సిలికాన్ నైట్రైడ్ పూత వేస్తారు. మందం సుమారు 75 నానోమీటర్లు. మన వెంట్రుక దానికి వెయ్యి రెట్లు లావు!

ఇంత పల్చటి పూత ఏం చేస్తుంది? వెలుతురు ఒక అల. పూత పైభాగం నుంచి కొంత, అడుగు నుంచి కొంత వెనక్కి వస్తుంది. పూత మందం లోపలి అల పొడవులో పావు వంతు ఉంటే, రెండో అల సరిగ్గా సగం అల వెనకబడుతుంది. ఒకదాని ఎత్తు ఇంకోదాని పల్లంలో పడి రెండూ రద్దవుతాయి. వెలుతురు మాయం కాదు, వెనక్కి రావాల్సింది లోపలికి పోతుంది. ఈ లెక్క నారింజ, ఎరుపు వైపు బాగా కుదురుతుంది, నీలానికి అంతగా కుదరదు. అంటే మనం చూసే నీలం, లోపలికి పోకుండా మిగిలిపోయిన వెలుతురు.

ఇది ఎలా తెలిసిందో చూడండి. 1886లో ఇంగ్లండ్‌లో లార్డ్ రేలీ పాతబడి మసకబారిన గాజుని పరీక్షిస్తే, అది కొత్త గాజు కంటే తక్కువ వెలుతురు తిప్పికొడుతోంది! 1892లో డెన్నిస్ టేలర్ పాత లెన్సుల్లోనూ ఇదే గమనించాడు. 1935లో జర్మనీలో జైస్ కంపెనీ శాస్త్రవేత్త స్మకులా ఖాళీ గదిలో, అంటే గాలి తీసేసిన పెట్టెలో, పూత వేసే పద్ధతి కనిపెట్టాడు. కొంతకాలం దాన్ని రహస్యంగా ఉంచారు. 1938లో అమెరికాలో క్యాథరిన్ బ్లాడ్జెట్ సబ్బులాంటి పదార్థాన్ని 44 పొరలుగా గాజు మీద పేర్చింది. మెరుపు దాదాపు పోయింది. కాకపోతే తుడిస్తే ఆ పూతా పోయేది.

ఒక్క పూత బదులు పదుల పొరలు వేస్తే ఏ రంగు లోపలికి రావాలో, ఏది ఆగాలో మనమే నిర్ణయించొచ్చు. అదే ఫిల్టర్. మీ ఫోన్ కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేది సాధారణంగా ఇలాంటిదే. ట్యూబ్‌లైట్ కింద లెన్సుని వంచి చూడండి, ఊదా, ఆకుపచ్చ మెరుపు కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. నీలం పూత గాజు కింద భద్రంగా ఉంటుంది. కానీ చాలా ప్యానెళ్ళకు గాజు పైన కూడా ఒక పూత ఉంటుంది. దాని మీద మన దుమ్ము పడుతుంది. కడగాలంటే నీళ్ళు కావాలి, మనకు లేనివి అవే. పొడిగా రుద్దితే దుమ్ముతో పాటు పూత కూడా అరుగుతుంది. బ్లాడ్జెట్‌కి ఎదురైన సమస్యే మళ్ళీ మన గడపలోకి వచ్చింది.

నీళ్ళు అడగని, రుద్దినా అరగని పూత కావాలి. దాని అవసరం మన సీమకంటే ఎవరికి బాగా తెలుసు? ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్ళు, ఈ ప్రశ్న మీదే. ఉంటాను మరి.