ఇంజన్లిచ్చారు, కిటుకివ్వలేదు

అనుమసముద్రంపేట పేరులో సముద్రం ఉంది గానీ ఊరుండేది మెట్టలో. మన ఊళ్ల పేర్లలో సముద్రమంటే చాలాచోట్ల పెద్ద చెరువే. ఖాజా నాయబ్ రసూల్ దర్గాతో పేరుపడ్డ ఈ ఏఎస్ పేట నెల్లూరు జిల్లాలో పడమటి వైపుది. అసలు సముద్రం కావాలంటే తూర్పుకు దిగి సూళ్లూరుపేట చేరి, పులికాట్ సరస్సు మీది రోడ్డు దాటి శ్రీహరికోట వెళ్లాలి. మొన్న 2022 దాకా అదీ నెల్లూరు జిల్లాయే. దేశాల మీద ఆంక్షలు పెడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇక్కడివాళ్లు క్యూబా దాకా పోనక్కర్లేదు, శ్రీహరికోట కథ చాలు.

శ్రీహరికోటలోని షార్ ప్రయోగ కేంద్రం నుంచి 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు కక్ష్యలో పెట్టిన రోహిణి ఉపగ్రహం బరువు 35 కిలోలు. టన్నుల్లో తూగే టీవీ, టెలిఫోన్ ఉపగ్రహాలను ఎత్తాలంటే క్రయోజెనిక్ ఇంజన్ కావాలి. దానికి పోసేది మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవ హైడ్రోజన్, మైనస్ 183 దగ్గర ద్రవ ఆక్సిజన్. ఆ చలికి మామూలు ఉక్కు పెళుసెక్కి పగులుతుంది. అంత చల్లటి ద్రవాల్ని తోడే పంపులు మాత్రం నిమిషానికి వేల చుట్లు తిరగాలి. అందుకే 1991 జనవరిలో ఇస్రో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మాస్‌తో ఒప్పందం చేసుకుంది. ఇంజన్లతో పాటు వాటిని తయారుచేసే కిటుకూ ఇవ్వాలి. ఖరీదు 235 కోట్లు.

1992 మేలో అమెరికా ఈ రెండు సంస్థల మీదా రెండేళ్ల ఆంక్షలు పెట్టింది. క్షిపణులకు వాడుకుంటారన్నది అభియోగం. కానీ ఈ ఇంధనాన్ని ముందే నింపి దాచిపెట్టలేరు, నింపడానికే గంటలు పడుతుంది. శత్రువు అంతసేపు ఆగుతాడా?

ఆంక్షలకు లొంగింది ఢిల్లీ కాదు, మాస్కో. సోవియట్ యూనియన్ కూలి అప్పటికి అయిదు నెలలు. యెల్ట్సిన్ ప్రభుత్వానికి డాలర్లు కావాలి. 1993లో అది వెనక్కి తగ్గింది: తయారైన ఇంజన్లు ఏడు ఇస్తాం, కిటుకు ఇవ్వం. చేతిలో పైసా లేనివాడి మీద ఆంక్ష బాగా పనిచేస్తుంది.

ఇస్రో 1994లో సొంత ఇంజన్ పని మొదలుపెట్టింది. 2001 ఏప్రిల్ 18న మొదటి జీఎస్‌ఎల్‌వీ రాకెట్టు రష్యా ఇంజన్‌తోనే లేచింది. సొంత ఇంజన్‌తో 2010 ఏప్రిల్ 15న ప్రయత్నిస్తే, హైడ్రోజన్ తోడే పంపు ఆగిపోయి రాకెట్టు బంగాళాఖాతంలో పడింది. 2013 ఆగస్టు 19న ఇంకా గంటా పావు ఉందనగా రెండో దశలో ఇంధనం కారుతోందని గమనించి ప్రయోగం ఆపేశారు. చివరికి 2014 జనవరి 5న సొంత ఇంజన్ గెలిచింది.

మరి ఆంక్షలు పనిచేశాయా? కాగితం మీద రెండేళ్ల ఆంక్ష ఇస్రోను ఇరవై ఏళ్లు తిప్పలు పెట్టింది. ఆలస్యమంతా అమెరికా పాపమే అనడం మాత్రం న్యాయం కాదు. 2010లో ఆగిపోయిన పంపు మనదే. ఈలోగా మన బరువైన ఉపగ్రహాలు ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్ రాకెట్ల మీద, కిరాయి కట్టి వెళ్లాయి. ఆ లెక్కన అమెరికాకు కావలసిన జాప్యం దొరికింది. ఆపాలనుకున్నది ఆగలేదు.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 దేశీ క్రయోజెనిక్ ఇంజన్‌తో ఎగిరింది. అది మోసుకెళ్లిన నైసార్ ఉపగ్రహంలో ఒక రాడార్ ఇస్రోది, రెండోది అమెరికా ప్రభుత్వ సంస్థ నాసాది.