జైనూరు సీమలో అడవి హద్దు, సేద్యపు హక్కు

ఉట్నూరు, ఆసిఫాబాదుల నడుమ ఎత్తైన నేలపై జైనూరు వెలసియున్నది. చిరకాలము ఆదిలాబాదు జిల్లాలో నుండి, 2016లో ఏర్పడిన కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో చేరినది. ఈ సీమ చరిత్రమును రాజుల పేర్లకన్న నేల హద్దులే ఎక్కువగా చెప్పును.

ఇచ్చటి గోండులు నాగలి పట్టి సేద్యము చేయువారు. కొలాములు కొండవాలులలో పోడు కొట్టుకొనువారు. గోండులు తేలిక నేలను కొన్ని ఏండ్లు దున్ని, సారము తగ్గగానే బీడు విడిచి, వేరొక చెలకకు పోయెడివారు. బీడులో పొదలు మొలిచి, ఆకు రాలి, నేల మరల తేరుకొనెడిది. ఆ బీడు తమ ఊరి చేనే యని అందరికిని తెలియును. దానికి కాగితము మాత్రము లేకుండెను.

నిజాము ప్రభుత్వము రక్షితారణ్యములకు హద్దులు గీయునపుడు ఈ పద్ధతి లెక్కకు రాలేదు. పొదలు మొలిచిన బీళ్ళు అడవిగా గీత లోపలికి పోయెను. తాతలనాటి చేను దున్నినవాడు జంగ్లాతువారి కంట నేరస్థుడాయెను. కొన్ని ఊళ్ళను ఖాళీ చేయించిరి. మరియొకవైపు మైదానములనుండి వచ్చినవారు పట్టాలు సంపాదింపగా, కాగితపు మర్మ మెరుగనివారు తమ నేలలోనే కూలివారైరి. ఈ ఆవేదనయే కుమురం భీము నాయకత్వమున తిరుగుబాటై చెలరేగినది. 1940లో జోడేఘాటు కొండలలో ఆయన పోలీసు తుపాకులకు నేలకొరిగెను.

ఆ పిమ్మటనే ప్రభుత్వము కన్ను తెరచినది. మానవశాస్త్రజ్ఞుడగు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫు సతీసమేతుడై జైనూరు చెంతనున్న మార్లవాయిలో నివసించి, గోండుల స్థితిగతులను పరిశీలించెను. 1943లో అచ్చట గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము వెలసినది. గోండీ వాచకములు నాగరిలిపిలో సిద్ధమైనవి. జిల్లాలో సుమారు 1,60,000 ఎకరములు గిరిజనులకు పంచిపెట్టు ఏర్పాటు జరిగినది. ఆ దంపతుల సమాధులు నేటికిని మార్లవాయిలో గలవు.

అయినను చేతికి వచ్చిన నేల అప్పులకు, మోసములకు లోనై జారుచునే యుండెను. 1959నాటి భూబదలాయింపు నిబంధనలు 1963లో తెలంగాణకు వర్తించినవి. 1970లో షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరులకు భూమి బదలాయించుట పూర్తిగా నిషిద్ధమైనది. భూసమస్యయే మరల 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులదాక పోయినది. 1996నాటి పంచాయతీ విస్తరణ చట్టము, 2006నాటి అటవీ హక్కుల చట్టము గ్రామసభకు పెద్దపీట వేసినవి.

చట్టములు ఆలస్యముగా వచ్చిన కాలములో నేలకును నష్టము కలిగినది. సాగునేల కుదించుకొనిపోగా బీడు విడుచుటకు తావు చాలదు, ఏటేట దున్నిన తేలిక నేల సారము కోల్పోవును, వానకు కొట్టుకొనిపోవును. మనిషి హక్కును కాదని గీసిన గీత అడవినిగూడ కాపాడజాలదని ఈ సీమ చాటుచున్నది.

అటవీ హక్కుల నిర్ణయములో ఊరి పెద్దల వాఙ్మూలమునుగూడ సాక్ష్యముగా గైకొందురు. అయితే అది వ్రాతలో నుండవలెను. ఏ బీడు ఎవరు విడిచినది, ఏ వాగు ఎచ్చట పారినది, ఏ గుట్ట పశువులకు మేతయైనది పెద్దలకు తెలియును. వారు గతించకముందే ఆ సంగతులు వ్రాసిపెట్టుట, పట్టాయందలి ప్రతి అక్షరము చదువగలుగుట ఊరివారి విధి. గ్రంథాలయమున్న ఊరికి ఈ పని కష్టము కాదు.