కోర్ జోలికి పోకుండా

2002లో సొంత వెబ్‌సైటును తమకు నచ్చినట్టు మార్చుకోవాలంటే చాలామందికి ఒకటే దారి. ఫైలు తెరవాలి, ఫలానా లైను వెతికి పట్టుకోవాలి, దాని కింద నాలుగు లైన్లు అతికించాలి. అప్పట్లో దీన్నే ‘హ్యాక్’ అనేవారు. ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ వాల్‌డ్రిగి 2001లో పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌లతో కట్టిన బీ2 అనే చిన్న బ్లాగు సాఫ్ట్‌వేర్ చుట్టూ ఇలాంటి హ్యాక్‌లు చాలా పుట్టాయి. ఏ ఫైల్లో ఎక్కడ ఏం చేర్చాలో రాసి ఒకరికొకరు ఇచ్చుకునేవారు.

కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మొదలయ్యేది అసలు తంటా. పాత ఫైళ్ల మీద కొత్తవి పడగానే అతికించిన లైన్లన్నీ మాయం. రెండు హ్యాక్‌లు ఒకే లైనును మారిస్తే అదింకో గొడవ. ఒక్క సైటైతే ఎలాగో నెట్టుకురావచ్చు. ఐదారు సైట్ల బాధ్యత మోసే డెవలపర్‌కు మాత్రం ప్రతి అప్‌డేటూ పనిని మళ్లీ మొదటికి తెచ్చేది.

ఇంతలో బీ2 అభివృద్ధి ఆగిపోయింది. దాని లైసెన్సు జీపీఎల్ కాబట్టి ఎవరైనా ఆ కోడ్‌ను తీసుకుని కొనసాగించవచ్చు. 2003 జనవరిలో హ్యూస్టన్‌కు చెందిన 19 ఏళ్ల మాట్ ముల్లెన్‌వెగ్ ఆ పనికి పూనుకున్నాడు. ఇంగ్లండ్ నుంచి మైక్ లిటిల్ తోడయ్యాడు. మే 27న వర్డ్‌ప్రెస్ 0.7 విడుదలైంది.

వర్డ్‌ప్రెస్ పుట్టినరోజు అదే. అయితే డెవలపర్ పనితీరును మార్చింది ఆ రోజు కాదు, 2004 మేలో వచ్చిన 1.2 వెర్షన్. ప్లగిన్లు మొదలైంది దానితోనే. ప్లగిన్ల వెనకున్న ఆలోచన చాలా గొప్పది. కోర్, అంటే వర్డ్‌ప్రెస్ అసలు కోడ్, తన పని తాను చేసుకుపోతూ మధ్యమధ్యలో ఆగి, ఇక్కడ ఎవరికైనా పనుందా అని అడుగుతుంది. ఆ ఆగే చోట్లే హుక్‌లు. ‘యాక్షన్’ అయితే ఆ క్షణాన ప్లగిన్ తన పని కానిస్తుంది. ‘ఫిల్టర్’ అయితే పేజీలోకి వెళ్లబోయే వ్యాసాన్ని అందుకుని, మార్చి, తిరిగి ఇస్తుంది. కోర్‌లో ఒక్క అక్షరమైనా ముట్టుకోనక్కర్లేదు. తనకు ముఖపరిచయం కూడా లేని ప్రోగ్రామర్ కోసం ముందుగానే చోటు వదిలిపెట్టడం కంటెంట్ మేనేజ్‌మెంట్ చరిత్రలో అన్నిటికన్నా ఉదారమైన పని. ఆంట్‌వర్ప్‌లో విద్యార్థిగా ఉండగా డ్రీస్ బైటార్ట్ మొదలుపెట్టి, 2001లో విడుదల చేసిన ద్రుపల్ అనే మరో సాఫ్ట్‌వేర్ కూడా హుక్‌ల మీదే ఎదిగింది. కోర్‌ను హ్యాక్ చేయొద్దన్నది అక్కడ కొత్తవాళ్లకు నేర్పే తొలి పాఠాల్లో ఒకటి.

అదే 2004 మేలో మూవబుల్ టైప్ అనే పోటీ బ్లాగు సాఫ్ట్‌వేర్ తన 3.0 వెర్షన్‌కు లైసెన్సు షరతులు బిగించింది. విసిగిపోయినవాళ్లలో ఎందరో వర్డ్‌ప్రెస్ వైపు మళ్లారు.

2005 ఫిబ్రవరిలో వచ్చిన 1.5తో థీమ్‌లు మొదలయ్యాయి. సైటు రూపమంతా ఒక ఫోల్డర్‌లోకి చేరింది. 2008 డిసెంబరులో వచ్చిన 2.7తో డ్యాష్‌బోర్డులో ఒక్క నొక్కుతో కోర్ మొత్తాన్ని అప్‌డేట్ చేసే సౌకర్యం వచ్చింది. కోర్ ఫైళ్లలో చేసుకున్న మార్పులు పోవడానికీ ఇప్పుడు ఆ ఒక్క నొక్కే చాలు! అదే వెర్షన్‌లో చైల్డ్ థీమ్‌లు బలపడటం మేలైంది. అసలు థీమ్‌ను అలాగే ఉంచి, మార్చిన ఫైళ్లు మాత్రమే పక్క ఫోల్డర్‌లో పెట్టుకుంటే చాలు.

తెలుగు సైట్లకు మాత్రం డేటాబేస్‌లోనే ఒక చిక్కు ఎదురైంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. పాత మైఎస్‌క్యూఎల్ టేబుళ్లు వాటిని లాటిన్-1 అనుకుని దాచుకునేవి. దాచినట్టే తిరిగి ఇచ్చేవి కాబట్టి పేజీలో తెలుగు చక్కగానే కనిపించేది. 2007 మేలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 2.2 నుంచి కాన్ఫిగ్ ఫైల్లో క్యారెక్టర్ సెట్ చెప్పే వీలొచ్చింది. పాత సైటుకు అక్కడ యూటీఎఫ్-8 అని రాస్తే వ్యాసాలన్నీ టోపీలు పెట్టుకున్న లాటిన్ అక్షరాలయ్యేవి. టేబుల్‌ను నేరుగా యూటీఎఫ్-8లోకి మారిస్తే తప్పుడు అక్షరాలే స్థిరపడిపోతాయి. ముందు కాలమ్‌ను బైనరీగా మార్చి, మైఎస్‌క్యూఎల్ ఆ బైట్లను లాటిన్ అనుకోవడం మానేశాక యూటీఎఫ్-8గా ప్రకటించాలి. ఈ వరుస తెలియక పాడైన పాఠాన్ని తిరిగి రాబట్టడానికి మళ్లీ శ్రమపడాలి. ఏళ్ల తరబడి రాసుకున్న తెలుగు అందులో ఉంటుంది.

2010 జూన్‌లో వచ్చిన 3.0 కస్టమ్ పోస్ట్ టైప్‌లకు సులువైన దారి వేసింది. పుస్తకాల జాబితా, ఆసుపత్రి వైద్యుల వివరాలు, సినిమా సమీక్షలు ఇలా దేనికది వేరే రకంగా నమోదు చేసుకోవచ్చు. ద్రుపల్‌లో సీసీకే అనే మాడ్యూల్, అంటే అక్కడి ప్లగిన్, అలాంటి పనే అంతకుముందే చేసేది. దాని ఫీల్డులు 2011 జనవరిలో ద్రుపల్ 7 కోర్‌లో చేరాయి. 2015 నవంబరులో వచ్చిన ద్రుపల్ 8 లోపలి నిర్మాణాన్ని చాలావరకు తిరగరాసింది. దాంతో 7 కోసం రాసిన సొంత మాడ్యూళ్లను మళ్లీ రాయాల్సి వచ్చింది. ద్రుపల్ 7కు అధికారిక మద్దతు 2025 జనవరి వరకు సాగింది. వర్డ్‌ప్రెస్ మాత్రం పాత కోడ్‌ను చెదరనివ్వకపోవడానికే ఎక్కువ విలువిచ్చింది.

అయినా 2018 డిసెంబరులో 5.0 పాత ఎడిటర్ స్థానంలో బ్లాకుల ఎడిటర్‌ను తెచ్చినప్పుడు, పాతదాని చుట్టూ సొంత ఏర్పాట్లు చేసుకున్న డెవలపర్లు కంగారుపడ్డారు. వాళ్ల కోసం వర్డ్‌ప్రెస్ బృందమే ‘క్లాసిక్ ఎడిటర్’ పేరుతో పాత ఎడిటర్‌ను తిరిగి తెచ్చే ప్లగిన్‌ను విడుదల చేసింది. అదీ హుక్‌ల మీదే పనిచేస్తుంది.