టాబ్లెట్ తెరకు అతికించే జాయ్‌స్టిక్‌లు: తీరుతెన్నులు, పరిమితులు

టచ్‌స్క్రీన్ ఆటల్లో బొటనవేలికి ఆనవాలు దొరకదు. తెరపై గీసి ఉన్న వలయాన్ని కంటితో చూడవలసిందే తప్ప వేలితో తడిమి గుర్తించడం సాధ్యం కాదు. ఆట వేగం పుంజుకున్న కొద్దీ వేలు ఆ వలయం దాటి జారిపోతుంది. యాపిల్ సంస్థ 2010లో తొలి ఐప్యాడ్‌ను విడుదల చేసిన కొద్ది కాలానికే ఈ లోటు తీర్చేందుకు తెరకు అతికించే జాయ్‌స్టిక్‌లు విపణిలోకి వచ్చాయి.

పనిచేసే విధానం

ఈ పరికరాలకు బ్యాటరీ గాని, తీగ గాని, బ్లూటూత్ గాని అవసరం లేదు. టాబ్లెట్ గాజు కింద కంటికి కనిపించని ఎలక్ట్రోడ్‌ల వల ఉంటుంది. విద్యుద్వాహకమైన వేలు చేరువైనప్పుడు ఆ చోట కెపాసిటెన్స్ మారుతుంది. తెర ఆ మార్పునే స్పర్శగా గుర్తిస్తుంది. జాయ్‌స్టిక్‌లోని వాహక భాగం వేలికీ తెరకూ మధ్య వారధిగా నిలుస్తుంది. అందువల్ల టాబ్లెట్‌కు అది మరొక వేలు మాత్రమే. ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. ఆటలో ఏ మార్పూ చేయనవసరం లేదు.

మూడు నమూనాలు

టెన్ వన్ డిజైన్ సంస్థ రూపొందించిన ‘ఫ్లింగ్’ పారదర్శకమైన ప్లాస్టిక్ చుట్ట. రెండు సక్షన్ కప్పులు దానిని తెరకు పట్టి ఉంచుతాయి. నడుమ ఉన్న బొత్తాన్ని బొటనవేలితో ఎటు నెట్టితే ఆటలోని పాత్ర అటు కదులుతుంది. వేలు సడలించగానే చుట్ట స్ప్రింగులా పనిచేసి బొత్తాన్ని మధ్యకు చేరుస్తుంది. లాజిటెక్ 2011లో తెచ్చిన ఐప్యాడ్ జాయ్‌స్టిక్ సైతం ఇదే కోవకు చెందినది.

థింక్‌గీక్ సంస్థ విక్రయించిన ‘జాయ్‌స్టిక్ ఇట్’ తీరు వేరు. పాతకాలపు ఆర్కేడ్ యంత్రాల మాదిరిగా ఇది తెరపై నిటారుగా నిలిచే కాడ. టాబ్లెట్‌ను రెండు చేతులా పట్టుకొని ఆడేవారికి చుట్ట రకం అనువుగా ఉంటుంది. బల్లపై పరచి, పిడికిట పట్టి ఆడాలనుకునేవారికి నిటారు కాడ నచ్చుతుంది. అయితే పారదర్శకం కాని కాడ దాని కింది దృశ్యాన్ని మరుగుపరుస్తుంది.

ఎంపికలో గమనించవలసినవి

పరికరం నాణ్యతకన్నా ఆట స్వభావమే ముఖ్యం. కొన్ని ఆటల్లో దిశల వలయం ఒకే చోట స్థిరంగా ఉంటుంది. అటువంటి వాటిలో అతికించిన జాయ్‌స్టిక్ చక్కగా పనిచేస్తుంది. మరికొన్నింటిలో వేలు మొదట తాకిన చోటే వలయానికి కేంద్రమవుతుంది. వలయాన్ని స్థిరపరచే సెట్టింగ్ లేకుంటే అక్కడ గురి తప్పే అవకాశం ఉంది. వేలితో గీయడం, తెరపై వేర్వేరు చోట్ల నొక్కడం ప్రధానమైన ఆటలకు ఇవి ఉపకరించవు. నడకకు ఒకటి, గురికి ఒకటిగా రెండు వలయాలున్న ఆటలకు రెండు పరికరాలు కావాలి.

తెర స్థితిగతులూ లెక్కలోకి వస్తాయి. దుమ్ము, జిడ్డు, గరుకు రక్షణ పొర ఉంటే సక్షన్ కప్పుల పట్టు సడలుతుంది. తొలి ఐప్యాడ్‌ల చుట్టూ వెడల్పాటి అంచు ఉండేది. అంచు సన్నబడిన నేటి టాబ్లెట్లలో కప్పులకు అంత చోటు దక్కదు.

ప్రత్యామ్నాయాలు

ఆండ్రాయిడ్ 2011లో 3.1 వెర్షన్‌తో, యాపిల్ 2013లో ఐఓఎస్ 7తో గేమ్ కంట్రోలర్లకు ద్వారాలు తెరిచాయి. 2019 నుంచి ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ 4 వైర్‌లెస్ కంట్రోలర్లను సైతం ఐప్యాడ్‌కు జత చేసే వీలు కలిగింది. బొత్తాలన్నీ చేతిలోనే ఉండటం, తెర పూర్తిగా కనిపించడం వీటి అనుకూలతలు. కానీ ఆట రూపకర్తలు ఆ సదుపాయం కల్పించి ఉండాలి. అది లేని ఆటలోనూ పనిచేయడం అతికించే జాయ్‌స్టిక్‌కు ఉన్న ప్రత్యేకత.

కాబట్టి కొనుగోలుకు ముందు, తరచూ ఆడే ఆట కంట్రోలర్‌ను స్వీకరిస్తుందో లేదో చూడాలి. స్వీకరించకపోతే, తెరపై వలయం కదలకుండా ఉంటుందా అన్నది పరిశీలించాలి. ఈ రెండు ప్రశ్నలకు సమాధానం తెలిస్తే డబ్బు వృథా కాదు.