అలారం పరిమితి (పారిశ్రామిక ప్రక్రియలు)

కర్మాగారంలో ఉష్ణోగ్రత, పీడనం, ప్రవాహం, ట్యాంకు మట్టం ఏ విలువ దాటితే ఆపరేటర్‌ను హెచ్చరించాలో పరికరంలో ముందుగా నిర్ణయించి పెట్టే హద్దును అలారం పరిమితి అంటారు. సాధారణంగా ఇవి నాలుగు: హై, హై-హై, లో, లో-లో. హద్దు దాటాక ఎంతసేపటికి మోగాలో, తిరిగి లోపలికి వచ్చాక ఎంతసేపటికి ఆగాలో టైమర్లతో నిర్ణయిస్తారు.

తొలి రూపాలు

ఆవిరి బాయిలర్లతోనే ఈ అవసరం మొదలైంది. 1803లో ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్‌లో తన బాయిలర్ ఒకటి పేలిపోయాక రిచర్డ్ ట్రెవితిక్ సీసపు బిరడాను ప్రవేశపెట్టాడు. నీరు తగ్గి బిరడా బయటపడితే సీసం కరిగి, ఆవిరి చప్పుడుతో తన్నుకొచ్చేది. ఇక్కడ హద్దు సీసం కరిగే ఉష్ణోగ్రతే, అంటే సుమారు 327 డిగ్రీల సెల్సియస్. దాన్ని అటూ ఇటూ జరిపే వీలు లేదు.

ప్యానెళ్ల కాలం

20వ శతాబ్ది మధ్యనాటికి కంట్రోల్ రూముల గోడల మీదికి అనన్సియేటర్ ప్యానెళ్లు వచ్చాయి. ఒక్కో గడి వెనక ఒక దీపం, గడి మీద ‘డ్రమ్ మట్టం తక్కువ’ వంటి రాత ఉండేవి. హద్దు దాటగానే గడి మిణుకుమనేది, హూటర్ మోగేది. ఆపరేటర్ బటన్ నొక్కితే మోత ఆగి వెలుగు నిలిచేది, పరిస్థితి చక్కబడ్డాక ఆరేది. ఇలాంటి వరసలను అమెరికాలోని ఐఎస్ఏ సంస్థ 1979లో 18.1 ప్రమాణంగా క్రోడీకరించింది. ప్రతి గడికీ స్విచ్, తీగ, రిలే, గోడ మీద చోటు కావాలి. అందువల్ల తప్పనిసరి అనుకున్న వాటికే అలారం పెట్టేవారు.

కంప్యూటర్ల రాక

1975లో హనీవెల్ టీడీసీ 2000, యొకొగావా సెంటమ్ అనే కంప్యూటర్ నియంత్రణ వ్యవస్థలు వెలువడ్డాయి. ఇలాంటి వ్యవస్థల్లో అలారం పెట్టడమంటే తెరమీద ఒక అంకె కొట్టడమే. ఖర్చు అడ్డు తొలగడంతో అలారాలు వేలకు పెరిగాయి.

అలారాలు మితిమీరితే ఏమవుతుందో ప్యానెళ్ల రోజుల్లోనే కనిపించింది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో కొద్ది నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు మోగి, అసలు లోపం వాటిలో కలిసిపోయింది. కంప్యూటర్లు వచ్చాకా అదే జరిగింది: 1994 జులై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు సుమారు 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందుకు 275 అలారాలు వచ్చాయి. అంటే రెండున్నర సెకన్లకు ఒకటి. చదవడానికే తీరిక లేని వేగం అది.

ప్రమాణాలు

బ్రిటన్‌లో ఈఈఎంయూఏ అనే సంస్థ 191 మార్గదర్శకం 1999లో వెలువడింది. మామూలు రోజుల్లో ఒక ఆపరేటర్‌కు సగటున 10 నిమిషాలకు ఒకటికి మించి అలారం రాకూడదన్నది దాని కొలమానం. తర్వాత 2009లో ఐఎస్ఏ 18.2, 2014లో అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62682 వచ్చాయి. ఆపరేటర్ చేయవలసిన పని ఏదీ లేకపోతే అది అలారమే కాదన్నది వీటి మూలసూత్రం.

డెడ్‌బ్యాండ్, టైమర్లు

హై పరిమితి 80 శాతంగా ఉన్న ట్యాంకులో అలలవల్ల మట్టం 79.8కీ 80.2కీ మధ్య ఊగితే అలారం మోగుతూ ఆగుతూ విసిగిస్తుంది. 5 శాతం డెడ్‌బ్యాండ్ పెడితే ఒకసారి మోగాక మట్టం 75కు దిగితేగానీ తొలగదు. ఆన్-డిలే టైమర్ పెడితే క్షణకాలపు ఊపులకు అసలు మోగదు. తొలి అంచనాగా మట్టానికి, ఉష్ణోగ్రతకు 60 సెకన్లు, ప్రవాహానికి, పీడనానికి 15 సెకన్లు సూచిస్తారు. అయితే ఆపరేటర్ చేతిలో ఉన్న వ్యవధిని టైమరే తినేయకుండా చూసుకోవాలి.

విశాఖపట్నం ఉదంతం

కొలిచే చోటు సరిగా లేకపోతే హద్దు ఎంత జాగ్రత్తగా పెట్టినా ఫలితం ఉండదు. 2020 మే 7న విశాఖపట్నం శివారు వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగున మాత్రమే కొలిచేవారని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. పై పొరలు ఎంత వేడెక్కినా కంట్రోల్ రూముకు తెలిసే మార్గం లేదు.